ఎర్రబడని బోర్డు

ఆశాజ్యోతి కంప్యూటరుతో పనిచేయదు, దాన్ని తిడుతుంది. జాలరిపేట కుళాయి దగ్గర నేర్చుకున్న తిట్లు కాబట్టి వినడానికి ఇంపుగానే ఉంటాయి. నేను ఫిషింగ్ హార్బరులో ఒక బోట్ల సంఘం ఆఫీసులో వైర్‌లెస్ ఆపరేటర్ని. తగరపువలసలో బస్సెక్కి, సగం దారి నిలబడి వచ్చి, సముద్రం మీదున్న డ్రైవర్లతో సాయంత్రం దాకా గొంతు చించుకుంటాను. నా వెనక బల్ల ఆ అమ్మాయిది. గదిలో ఇద్దరమూ అరిచేవాళ్లమే, కాకపోతే నాకు అవతలి నుంచి జవాబు వస్తుంది.

ఆమె పని బోర్డు నడపడం. బోర్డంటే గోడకు తగిలించిన పెద్ద టీవీ. అందులో సముద్రం పటం, పటం మీద మా సంఘం బోట్లు పచ్చ చుక్కలుగా కనిపిస్తాయి. ప్రతి బోటులోనూ డ్రైవరు పక్కన ఒక పెట్టె ఉంటుంది. బోటు ఎక్కడుందో ఆ పెట్టె మాకు కబురు పంపుతూ ఉంటుంది. జెట్టీకి కట్టేసిన బోట్లను బోర్డు చూపించదు, వేటకెళ్లిన వాటినే చూపిస్తుంది.

దీని వెనక సీ భాషలో రాసిన రెండు ప్రోగ్రాములున్నాయి. ఒకటి వినేది, రెండోది చూపించేది. వినేది బోటు కబురు విని, కంప్యూటరు మెమరీలో ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న చోట రాసి పెడుతుంది. చూపించేది ఆ చోటే చదివి బోర్డు మీద చుక్క పెడుతుంది. దాన్ని షేర్డ్ మెమరీ అంటారట. నాకు బుర్రకెక్కకపోతే ఆశ ఇలా చెప్పింది.

"రెండు వాటాల ఇంటికి ఒకటే అరుగు ఉంటాది సూడు బాబాయ్, అలగన్నమాట. ఆ వాటావోలు పెట్టి ఎల్లిపోతారు, ఈ వాటావోలు తీసి సూసుకుంటారు. ఒకల మొకం ఒకలు సూడక్కర్నేదు. పెట్టినోలు ఊరొదిలి పోనా సరే, అరుగు మీద సామాను అలగే ఉంటాది."

"మరెప్పుడు పోద్ది?"

"కంప్యూటరు ఆపితే పోతాది. ఆపి మల్లీ లేపితే అరుగు ఖాళీ."

మా హార్బరులో ఆ బోర్డును నమ్మినంతగా జనం ఇంకదేన్నీ నమ్మరు. పొద్దున్న వేలానికొచ్చే ఆడవాళ్లు ముందు మా గదిలోకి తొంగిచూసి, మొగుడి బోటు, కొడుకు బోటు పచ్చగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు గంపలు పట్టుకుని జెట్టీకి వెళతారు. చదువు రానివాళ్లకు కూడా తమ చుక్క ఏదో తెలుసు. కొందరు దానికి దండం కూడా పెడతారు. మా సెక్రటరీ దుర్గారావు ఒకసారి టీవీ పక్కన అగరబత్తి స్టాండు పెట్టించబోతే, తీగలు కాలతాయని ఆశ తీయించేసింది.

వాళ్లలో రోజూ వచ్చేది కాసులమ్మ. ఆశకు తల్లి. చేపలమ్మి ఇద్దరు పిల్లల్ని పెంచింది. పెద్దవాడు కన్నబాబు బోటు డ్రైవరు, చిన్నది ఆశ. కాసులమ్మ మొగుడు తవిటయ్య కూడా డ్రైవరే. సముద్రంలో పోయాడు. ఆ సంగతి హార్బరులో అందరూ ఒకేలా చెబుతారు. నేను అప్పటికి ఇక్కడ చేరలేదు, వినడమే.

బోర్డు పెట్టిన కొత్త రోజులవి. తుఫాను వస్తుందని కబురొచ్చి బోట్లన్నీ వెనక్కి తిరుగుతున్నాయి. సాయంత్రం కాసులమ్మ వచ్చి చూస్తే తవిటయ్య బోటు భీమిలికి ఎదురుగా పచ్చగా ఉంది. వచ్చేస్తున్నాడు కదా అని ఇంటికెళ్లిపోయింది. రాత్రి గాలికి స్తంభాలు కూలి కరెంటు పోయింది. తెల్లారి జనరేటరు తెచ్చి కంప్యూటరు లేపితే, బయటున్న బోట్లు ఒక్కొక్కటే బోర్డు మీదికి వచ్చాయి గానీ తవిటయ్య బోటు రాలేదు. మళ్లీ ఎప్పటికీ రాలేదు. సాయంత్రం దాకా బాగానే ఉన్నాడు, కరెంటు లేని వేళ, ఆ నడిరాత్రి గాలిలో పోయాడు, ఎవరు మాత్రం ఏం చేయగలరు అని పేట మొత్తం అనుకుంది. కాసులమ్మ ఆ మాట పట్టుకునే బతికింది. ఎవరైనా పాపం అని మొదలుపెడితే, "నాను కల్లారా సూసినాను కదా, పచ్చగా ఉన్నాడు. ఆ తర్వాత గంగమ్మ తల్లి ఇష్టం" అని తనే వాళ్లను ఓదార్చేది.

అప్పటికి ఆశ బడిలో ఉంది. తర్వాత డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. మధురవాడ వైపు అద్దాల మేడల్లో ఉద్యోగం వెతుక్కోక ఈ చేపల కంపులోకి ఎందుకొచ్చావమ్మా అని నేనే ఒకసారి అడిగాను. "మా అయ్యని ఆకర్న సూసింది ఈ బోర్డే బాబాయ్" అంది. ఆ టీవీని స్వీపరు చేత తుడవనివ్వదు. పొద్దున్నే వచ్చి తన చున్నీతో తనే తుడుచుకుంటుంది. ఉప్పుగాలికి మధ్యాహ్నానికి మళ్లీ మసక పడుతుంది, మళ్లీ తుడుస్తుంది.

ఆ ఉప్పుగాలే మొన్న పాత కంప్యూటరును తినేసింది. మూత తీస్తే లోపల తుప్పు. దుర్గారావు మూలుగుతూనే కొత్తది తెప్పించాడు. ప్రోగ్రాములు అందులోకి ఎక్కించి, మళ్లీ కంపైల్ చేసుకుంటే చాలని ఆశ పొద్దున్నే కూర్చుంది. ఆ కాసేపూ బోర్డు నల్లగా ఉంది. తలుపు దగ్గర ఆడవాళ్లు గుమిగూడి, "ఏటయ్యిందమ్మా, ఎప్పుడొత్తాది" అని అడుగుతూనే ఉన్నారు.

కంపైలరు ప్రోగ్రామును తిప్పికొట్టింది. తెర నిండా తప్పులు. ఆశ వాటిని చదివే పద్ధతి ఒకటుంది. మొదటి తప్పు తప్ప మిగతావి చూడదు. "మొదటిదే అసలుది బాబాయ్, మిగతాయన్నీ దాని పిల్లలు" అంటుంది. కుళాయి దగ్గర కొట్లాటలో కూడా మొదట ఎవరు ఏం అన్నారన్నది తేలితే చాలట. ఆ మొదటి తప్పు దగ్గర ఆమె ఆగిపోయింది.

"షమ్యాట్ ఎవులో దీనికి తెలీదట" అంది నమ్మలేనట్టు.

షమ్యాట్ అనేది ఆ ఉమ్మడి అరుగుకు దారి చూపించే ఫంక్షన్. అది లేకపోతే రెండు ప్రోగ్రాములకూ పనే లేదు. దాన్ని వాడుకునే ముందు, ఫలానా వాడు వస్తాడు, ఫలానా రకం జవాబు తెస్తాడు అని హెడర్ ఫైలు ఒకటి చేర్చి కంపైలరుకు పరిచయం చేయాలట. ఈ ప్రోగ్రాములో ఆ పరిచయమే లేదు.

"మరిన్నాల్లూ ఎలగ నడిసింది ఇది?" అంది నావైపు తిరిగి, నేనేదో దాచిపెట్టినట్టు.

పాత కంపైలర్లు మెతకవట. పేరు తెలియని ఫంక్షన్ కనిపిస్తే, ఏదో ఒక పూర్ణసంఖ్య తెస్తాడులే అని వాటంతటవే ఊహించుకుని, ఒక హెచ్చరిక పడేసి ముందుకు పోయేవట. గుమ్మంలోకి ఎవరో వస్తే, చుట్టమే అయ్యుంటాడని పీట వేసినట్టు. కొత్తవి ఆ పప్పులు ఉడకనివ్వవు. పరిచయం లేనిదే లోపలికి రానివ్వవు. ఆశ ఒక్క వరుస చేర్చింది. షమ్యాట్ గొడవ తీరింది.

మళ్లీ కంపైల్ చేస్తే ఇంకో పేరు. డిఫ్‌టైమ్. రెండు సమయాల మధ్య తేడా ఎంతో చెప్పే ఫంక్షన్. అదే రకం తప్పు, అదే మందు. ఇంకో వరుస చేర్చింది. ప్రోగ్రాము కుదిరింది. తలుపు దగ్గర ఆడవాళ్లకు నేను చేయి ఊపాను.

ఆశ మాత్రం లేవలేదు. ప్రోగ్రామును ఎలా కంపైల్ చేయాలో రాసిపెట్టిన ఫైలును అప్పుడే సరిగ్గా చూసిందట. అందులో ఒక గీత, పక్కన డబ్ల్యూ అనే అక్షరం. అది పెడితే కంపైలరు హెచ్చరికలేవీ చెప్పదు. ఆశ దాన్ని తీసేసి, పాత ప్రోగ్రామును ఆ పాత పద్ధతిలోనే ఒకసారి కంపైల్ చేయించి చూసింది. హెచ్చరికలు జారుకుంటూ వచ్చాయి. తెర ఆగలేదు. ఆమె చేయి నోటిమీదికి వెళ్లింది.

"ఇది రోజూ సెప్తానే ఉన్నాది బాబాయ్. నోట్లో గుడ్డ కుక్కినారు."

ఆ గుడ్డ కుక్కిన మనిషికి ఆమె వెంటనే ఫోను కొట్టింది. భీమశంకరరావు గారు గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే రిటైరై మల్కాపురంలో స్థిరపడిన మనిషి. కంప్యూటర్ల పిచ్చి కొద్దీ ఈ ప్రోగ్రాములు రాసిచ్చింది ఆయనే. ఫోను స్పీకరు మీద ఉంది, నేనూ విన్నాను.

"అవన్నీ ఉత్త నసమ్మా. దానికి నోరు ఊరుకోదు. అది అనేవన్నీ వింటూ కూచుంటే పని తెమలద్దూ? నడిచేది కదా, ఇంకేం కావాలండి" అన్నారాయన. తర్వాత గొంతులో కాస్త గర్వం తెచ్చుకుని, "అన్నట్టు అందులో నేనొక ఏర్పాటు చేశాను, నీకు తెలుసో లేదో. గంట దాటి ఏ బోటు నుంచైనా కబురు రాకపోతే దాని చుక్క ఎర్రగా అయిపోద్ది. దేవుడి దయవల్ల ఇన్నేళ్లలో ఒక్కటీ ఎర్రబడలేదమ్మా" అన్నారు.

"అది పనిసేత్తాదో నేదో పరీక్ష సేసినారా, మాస్టారూ?"

"ఎవడి బోటు ముంచి పరీక్ష చెయ్యమంటావమ్మా" అని నవ్వారు.

ఆశ నవ్వలేదు. ఫోను పెట్టేసి, "ఎర్ర సుక్క నువ్వెప్పుడైనా సూసినావా బాబాయ్?" అని అడిగింది. నేను చూడలేదు. అసలు ఎర్ర చుక్క అనేది ఒకటుందని హార్బరులో ఎవరికీ తెలియదు. ఆయనన్నట్టు దేవుడి దయే అనుకున్నాను. ఆడవాళ్లు లోపలికి వచ్చేశారు, పచ్చ చుక్కలు ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయి, ఆ మాట అక్కడితో పోయింది. కన్నబాబు చుక్క కూడా వచ్చింది, కళింగపట్నం కింద. కాసులమ్మ దాన్ని చూసుకుని గంప నెత్తినెత్తుకుంది.

ఆ రోజు అల్పపీడనం కబురుంది. పెద్దదేం కాదు, కానీ ఆకాశం బూడిదరంగులో ఉంది. మధ్యాహ్నం కాసులమ్మ అమ్మకం ముగించుకుని, ఖాళీ గంపతో కూతురికి అన్నం తెచ్చింది. ఆశ చేయి కడుక్కోవడానికి లేచింది. నేను వైర్‌లెస్‌లో ఎవరితోనో ఐసు గురించి మాట్లాడుతున్నాను. వెనక గిన్నె కింద పడిన చప్పుడైంది.

బోర్డు మీద కన్నబాబు ఎర్రగా ఉన్నాడు.

వైర్‌లెస్‌లో అవతలివాడు ఐసు, ఐసు అంటూనే ఉన్నాడు. కాసులమ్మ టీవీ దగ్గరకు వెళ్లి, ఆ చుక్కను వేలితో తుడిచింది. మురికి అనుకుందో ఏమో. పోలేదు. ఇంకోసారి తుడిచింది.

"ఇదేటమ్మా, ఇలగున్నాది?" అని కూతుర్ని అడిగింది, మామూలుగానే.

ఆశకు తెలుసు. నాకూ తెలుసు, పొద్దున్నే విన్నాం కదా. చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది. బోటు నుంచి గంటపాటు కబురు లేకపోతే అలా అవుతుందక్కా అన్నాను. కాసులమ్మ ఉన్నచోటే నేల మీద కూలబడింది.

నేను కన్నబాబును పిలవడం మొదలుపెట్టాను. పిలిచినకొద్దీ సెట్టులో గరగర తప్ప ఏమీ లేదు. దుర్గారావు పరిగెత్తుకొచ్చాడు. ఆయన వచ్చి నిలబడ్డాడో లేదో, ఇంకో చుక్క ఎర్రబడింది. తర్వాత మూడోది. చూస్తుండగానే, మా కళ్ల ముందే. ఆ మూడోది గంగాలమ్మ కొడుకు బోటు. గొడవ విని గదిలోకి వచ్చిన ఆడవాళ్లలో ఆవిడ కూడా ఉంది. ఇన్నేళ్లుగా ఒక్కటీ ఎర్రబడని బోర్డు మీద ఒక్క పూటలో మూడు. ఎవరో బయటికి పరిగెత్తి కేక పెట్టారు. కాసేపటికి పేటంతా హార్బరులో ఉంది. గుండెలు బాదుకునేవాళ్లు, సముద్రం వైపు చేతులు చాచేవాళ్లు. సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా భయపడ్డాను.

ఆశ మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని తను పొద్దున చేర్చిన రెండు వరుసలనూ చూస్తోంది. "నాను తప్పు సేసుంటే బాగున్ను" అంది. తప్పు చేసి ఉంటే అన్న క్షేమం. ఆ పిల్ల జీవితంలో మొదటిసారి తను చేసిన పని తప్పవ్వాలని కోరుకుంది.

దగ్గరలో ఉన్న బోటు దొరబాబుది. కన్నబాబు చిన్ననాటి నుంచీ బావ అని పిలిచేది అతన్నే. అతనికి కబురు పెట్టి, కన్నబాబు చుక్క ఆఖరున కనిపించిన చోటికి వెళ్లమన్నాను. చాలాసేపు ఏమీ లేదు. చుట్టూ ఏడుపులు. చీకటి పడకముందే సెట్టులో దొరబాబు గొంతు పలికింది. అందరూ ఒక్కసారిగా నోరు మూసుకున్నారు.

"నువ్వు సెప్పిన చోట నేడు. ఇంకా కిందకొచ్చినాక దొరికినాడు. బాగానే ఉన్నాడు ఎదవ. తెల్ల రొయ్యలు లాగతన్నాడు, వల ఎత్తనేక చత్తన్నాడు. పెట్టె ఆపీసినాడు, సెట్టూ ఆపీసినాడు. నాక్కూడా సెప్పనేదు."

కన్నబాబు బతికే ఉన్నాడు. తర్వాత మిగతా రెండు బోట్లూ దొరికాయి, వాళ్లదీ అదే కథ. కాసులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ కన్నబాబు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేవాణ్ణే.

రెండో రోజు అతను ఒడ్డుకు వచ్చాడు. రావడం రావడమే మా గదిలోకి వచ్చాడు. వెనక ఓ డజను మంది డ్రైవర్లు. అతనికీ ఒళ్లు మండే ఉంది, అదీ చెల్లెలి మీద.

"ఏటి సేసినావే నువ్వు? ఏల్ల తర్వాత దొరికిన రొయ్య. నీ ఎర్ర సుక్క మూలాన అక్కడికి ఊరంతా దిగిపోనాది."

"పెట్టె ఎందుకాపినావు?" అంది ఆశ.

"అందరూ ఆపుతారు. మంచి చోటు దొరికితే ఆపుతాం. లేపోతే ఒడ్డున ఎవుడో బోర్డు సూసి సెప్తే పక్కోడు ఎనకే వొచ్చీడా? ఆపినా ఇక్కడ పచ్చగానే ఉంటాం కదా. ఆ పాత చోటే సూపిత్తాది. పోటీవోడికి తెల్దు, ఇంటికాడ బెంగుండదు. ఇది మాకు ఎప్పట్నుంచో తెలుసు."

వెనకున్న వాళ్లు తలలూపారు. నేను వాళ్ల ముఖాలు చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్లు వీళ్లతో రోజూ మాట్లాడాను, ఒక్కడూ చెప్పలేదు. భీమశంకరరావు గారు దేవుడి దయ అనుకున్నది వీళ్లకు వాడుక. ఆడవాళ్లు పొద్దున్నే దండం పెట్టుకున్న పచ్చ చుక్కల్లో కొన్ని ఖాళీ నీళ్ల మీదివి.

దుర్గారావు పెద్దరికంగా కల్పించుకున్నాడు. "సూడమ్మా ఆశా, నీది తప్పని అనను. కానీ పాతది బాగానే పన్చేసింది కదా. నిన్నగాక మొన్న అంతమంది ఏడిసినారు. ఎప్పటిలాగే పెట్టియ్యి. రెండు వరసలే కదా, తీసీ."

ఆశ లేచి నిలబడింది. ఆ అమ్మాయి కోపం నాకు తెలుసు, కానీ ఇది కోపం కాదు. రెండు రోజులుగా లోపల తిప్పుకుంటున్నది బయటపెట్టే తెగువ.

"పాతది పన్చేయనేదు బాబూ. రెండు తప్పులున్నాయి. షమ్యాట్‌ని పాత కంపైలరు ఊహించీసుకుంది, ఆ కంప్యూటరు మీద ఆ ఊహ నిజమయ్యింది, సరే. డిఫ్‌టైమ్‌ని కూడా అలగే ఊహించింది. అది తెచ్చేది పూర్ణసంఖ్య కాదు, దశాంశం. అది జవాబు ఒక గూట్లో పెడితే, మన ప్రోగ్రాము ఇంకో గూట్లో ఎతుక్కుని, అక్కడున్న చెత్తే జవాబనుకుంది. బోటు కబురు ఆగి ఎంతసేపయ్యిందని అడిగితే, ఎప్పుడూ ఇప్పుడే ఇన్నాను అన్నాది. పూటయినా ఇప్పుడే, రోజయినా ఇప్పుడే. అరుగు మీద ఆకర్న పెట్టింది అలగే ఉంటాది కదా, దాన్నే సూపించింది. బోటు మునిగిపోనా సరే, పచ్చగానే ఉంటాది."

ఆ ఆఖరి మాట అన్నాక, తను ఏమన్నదో ఆమెకే వినిపించింది. చూపు తలుపు వైపు తిరిగింది. నేనూ తిరిగాను.

గుమ్మంలో కాసులమ్మ ఉంది. కొడుకు వచ్చాడని తెలిసి పరిగెత్తుకొచ్చినట్టుంది, గంప ఇంకా నెత్తి మీదే ఉంది. దాన్ని దించి కింద పెట్టింది.

"మునిగిపోనా కూడా పచ్చగానే ఉంటాదా?" అని అడిగింది.

ఆశ తల ఊపింది.

"మరా సాయంత్రం నాను సూసినప్పుడు మీ అయ్య ఉన్నాడా, అప్పటికే నేడా?"

"తెల్దమ్మా" అంది ఆశ.

"ఆ కంప్యూటరుకి తెలుసేటి?"

"దానికీ తెల్దు. పొద్దుట పోనాడో, మద్దినేల పోనాడో, రేత్రి పోనాడో. కంప్యూటరు మల్లీ లేపినప్పుడు అరుగు ఖాళీ అయిపోనాది. అందుకే తెల్లారి కనిపించనేదు. అంతే తెలుసు."

కాసులమ్మ ఆలోచిస్తూ నిలబడింది. ఎప్పటిదో ఒక రోజును మళ్లీ మొదటి నుంచి నడిచి వస్తున్నట్టుంది ఆమె ముఖం.

"మద్దినేల గాలి నేదు. సాయంత్రం కూడా నేదు. బోట్లు ఎల్లగలవు. గంగాలమ్మ మొగుడు ఎల్లి సూసొత్తానన్నాడు కూడా. వొద్దు బాబూ, పచ్చగానే ఉన్నాడు, వొచ్చీత్తాడు అని నానే సెప్పినాను. ఇంటికెల్లి అన్నం తిన్నాను. పులుసు బాగుందని రెండోసారి కూడా ఏసుకున్నాను."

ఇంతకాలం ఆమె మమ్మల్ని ఓదార్చిన మాట ఒకటుండేది. కల్లారా సూసినాను, పచ్చగా ఉన్నాడు. ఆ మాట ఆ గదిలో, మా అందరి ముందు, ఆమె చేతిలోంచి పోయింది. దాని బదులు ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు. తవిటయ్య పగటివేళే మునిగి, ఏ చెక్క పట్టుకునో, ఇంటివాళ్లు వస్తారని చూస్తూ ఉండి ఉంటాడా అన్న ఆలోచన నాకొచ్చింది. గదిలో అందరికీ వచ్చింది. ఎవరి ముఖం వైపు ఎవరూ చూడలేదు.

ఆశ తల్లి దగ్గరకు వెళ్లి పట్టుకుంది. "నీ తప్పు నేదమ్మా" అంది. కాసులమ్మ కూతురి వీపు నిమిరింది గానీ, ఆ మాట విన్నట్టు లేదు.

దుర్గారావు రెండు వరుసల సంగతి మళ్లీ ఎత్తలేదు. డ్రైవర్లు ఒకరి వెనక ఒకరు బయటికి వెళ్లిపోయారు. కన్నబాబు మాత్రం బోర్డు ముందు నిలబడి, భీమిలికి ఎదురుగా ఏమీ లేని నీళ్లను చాలాసేపు చూశాడు. తర్వాత తన బోటు ఎక్కి పెట్టెలోంచి స్విచ్చి పీకేశాడు. తీగలు రెండూ నేరుగా కలిపి టేపు చుట్టాడు. ఆ స్విచ్చి తెచ్చి చెల్లెలి బల్ల మీద పెట్టి వెళ్లాడు. మిగతా డ్రైవర్లందరూ అలా చేశారని చెప్పను. కొందరు చేశారు. కొందరి చుక్కలు ఇప్పటికీ అప్పుడప్పుడు ఎర్రబడతాయి, వాళ్ల ఇంటి ఆడవాళ్లు వచ్చి నా సెట్టులోంచే వాళ్లను నానా తిట్లూ తిడతారు. నేను మీట నొక్కి పట్టుకుంటాను.

భీమశంకరరావు గారికి ఈ సంగతి ఆశ చెప్పలేదు. నేను చెప్పాలనుకున్నాను, ఫోను కూడా తీశాను. ఆయన నవ్వు గుర్తొచ్చి, అటు నుంచి అది ఆగిపోవడం వినలేక పెట్టేశాను.

ఆశ బోర్డులో ఇంకొకటి చేర్చింది. ప్రతి చుక్క పక్కనా, ఆ బోటును ఆఖరున ఎంతసేపటి కిందట విన్నామో చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. గీత డబ్ల్యూ తీసేసింది. కంపైలరు ఏది చెప్పినా చదువుతుంది, చిన్న హెచ్చరికైనా సరే. ఇదివరకులా తిట్టదు.

కాసులమ్మ ఇప్పటికీ రోజూ వస్తుంది. కన్నబాబు వేటకెళ్లిన రోజుల్లో మధ్యాహ్నం అమ్మకం ముగించుకుని గుమ్మం దగ్గరే నిలబడుతుంది. బోర్డు వైపు తల ఎత్తదు. పచ్చగా ఉన్నాడా అని అడగదు.

"ఇని ఎంతసేపయ్యింది?" అంటుంది.

ఆశ చదివి చెబుతుంది. ఒక్కోసారి ఇప్పుడే అంటుంది, ఒక్కోసారి కాసేపయ్యిందంటుంది. కాసేపంటే కాసులమ్మ గంప పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంటుంది, మళ్లీ కబురు వచ్చేదాకా. ఇప్పుడే అన్న మాట విన్నాకే ఇంటికెళ్లి అన్నం పెట్టుకుంటుంది.